పచ్చగోడ వెనక పిలుపు

పోయిన వారం మనం శేషుకుమారిని ఆస్ట్రేలియాలోని బ్లాక్‌టౌన్ బేస్‌బాల్ మైదానం పక్కన ఫిజియో గదిలో, ఒక ఫ్రెంచి కుర్రాడి మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. కుర్రాడి పేరు రెమీ పంపన. ఫ్రాన్స్ యువజట్టుకి పిచర్, అంటే దిబ్బ మీద నిలబడి బంతి విసిరేవాడు. వాళ్ల మామ్మ సత్యభామగారు యానాం ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి జారిపోయాక, కుటుంబంతో టులూజ్ వెళ్లి స్థిరపడిన మనిషి. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ టోర్నమెంట్‌లో రెండుసార్లు రెమీ బంతి విసరబోయి, కాలెత్తి, మధ్యలో కొయ్యబారిపోయాడు. ఎందుకాగావని శేషుకుమారి నిలదీస్తే తలుపు వైపు ఒకసారి చూసి, "ఎనక నుంచి మామ్మ పిలిచిందండీ" అన్నాడు.

బేస్‌బాల్ తెలియనివాళ్లు కంగారు పడక్కర్లేదు, మొన్నటిదాకా శేషుకుమారికీ తెలియదు. కాకినాడలో పుట్టి, ఇక్కడికి దగ్గర్లోని టూంగాబీలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకుని, మెడలూ నడుములూ సరిచేసుకుంటూ బతుకుతున్న మనిషి ఆమె. రెమీ ఇంటిపేరు చూసిన నిర్వాహకులు "మీవాడే" అని ఆమెని ఫ్రాన్స్ జట్టుకి ఫిజియోగా వేసేశారు. మనవాళ్లందర్నీ ఒకే మూలకి తోసెయ్యడం ఇక్కడివాళ్లకి అలవాటు. ఈసారి మాత్రం పొరపాటున సరిగ్గానే తోశారు.

క్రికెట్‌లో బౌలర్ పరుగెత్తుకొచ్చి ఆగిపోతే ఎవరూ ఏమీ అనరు. మళ్లీ వెనక్కెళ్లి మళ్లీ వస్తాడు. ఇక్కడ అలా కుదరదు. ఎదుటి జట్టువాడు బేస్ మీద, అంటే పరుగు దారిలోని మజిలీ మీద, కాచుకుని ఉండగా పిచర్ కాలెత్తాడంటే విసిరి తీరాలి. ఆగితే దాన్ని బాక్ అంటారు, కాచుకున్నవాడు ఊరికే ఒక బేస్ ముందుకి నడిచి వెళ్లిపోతాడు. రెమీ చేసిన రెండో బాక్‌కి ఫ్రాన్స్ ఒక మ్యాచ్ పోగొట్టుకుంది. ఇవాళ మధ్యాహ్నం ఆస్ట్రేలియాతో ఆఖరి మ్యాచ్. గెలిచినవాళ్లు ప్రపంచ పోటీలకి వెళతారు, ఓడినవాళ్లు ఇంటికి.

"మళ్లీ చెప్పు, వరసగా చెప్పు," అంది శేషుకుమారి మోచెయ్యి వదలకుండా.

"దిబ్బ ఎక్కానండీ. కాలెత్తాను. కిట్టూ, అంది. మామ్మ ఒక్కత్తే నన్ను అలా పిలిచేది. మా అమ్మక్కూడా నేను రెమీనేనండీ."

రెమీ తెలుగు వింటే ఎవరికైనా ముందు నవ్వొస్తుంది, తర్వాత కాస్త ఒళ్లు జలదరిస్తుంది. ఇరవై ఏళ్లవాడు, గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు. నోరు తెరిస్తే మాత్రం ఏనాడో యానాం వదిలి వెళ్లిన ముసలావిడ మాట్లాడుతుంది. మామ్మ దగ్గర నేర్చుకున్న భాష కాబట్టి మామ్మ సాగదీసిన చోటే సాగదీస్తాడు, మామ్మ నిట్టూర్చిన చోటే నిట్టూరుస్తాడు.

"ఎవరో వాళ్ల పిల్లాణ్ణి పిలుచుకుని ఉంటారు బాబూ. ఇది బ్లాక్‌టౌన్. ఇక్కడ కిట్టూ అని కేకేస్తే ముగ్గురు పిల్లలూ, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ తిరిగి చూస్తారు."

"మరి అట్నించి ఎవరు పిలుస్తారండీ?" అని రెమీ కిటికీలోంచి చూపించాడు.

మైదానం ఆ చివర, పిచర్ వీపుకి సూటిగా వెనక, కంచె అవతల ఒక పెద్ద పచ్చగోడ ఉంది. ముదురు పచ్చ. మీద బొమ్మ లేదు, అక్షరం లేదు. తెల్ల బంతి కొట్టేవాడి కంటికి ఆనాలంటే దాని వెనక ఏదీ కదలకూడదు కదా, అందుకని కట్టారు. అటువైపు సీట్లుండవు, మనిషన్నవాణ్ణి నిలబడనివ్వరు. గోడ అవతల గడ్డి, కొన్ని యూకలిప్టస్ చెట్లు, వాటి వెనక మోటర్‌వే. శేషుకుమారి ఆ పచ్చదనం వైపు చూసి, అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే చూసి, కళ్లు తిప్పుకుంది.

వెనక నుంచి పిలిస్తే ఏమిటో మనలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. శేషుకుమారి భర్త ఈశ్వరప్రసాద్ వంతెనలు కట్టే ఇంజనీరు. సిమెంటుకీ ఇనుముకీ తప్ప దేనికీ తల వంచని మనిషి. అలాంటివాడు కూడా కారు తాళాలు చేతిలో పట్టుకున్నాక వెనక నుంచి "ఎక్కడికి?" అని వినబడితే చాలు, మొహం మాడ్చుకుని లోపలికొచ్చి, సోఫాలో కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి గానీ బయల్దేరడు. అది చూడ్డం కోసమే శేషుకుమారి అప్పుడప్పుడు కావాలని అడుగుతూ ఉంటుంది.

"మామ్మ చెప్పింది కదండీ," అన్నాడు రెమీ. "బయల్దేరినోణ్ణి ఎనక నుంచి పిలిస్తే ఆగాలి. కూచోవాలి. నీళ్లు తాగి అప్పుడు ఎల్లాలి. నేను ఆగుదామని ఆగట్లేదండీ. నా కాలు దానంతటదే ఆగిపోతంది."

"ఆట మధ్యలో కూడా పిలిచేదా మీ మామ్మ?"

రెమీ మొహం విప్పారింది. "ఎందుకు పిలవదండీ! చిన్నప్పుడు ప్రతి మ్యాచ్‌కీ వచ్చేది. చీర మీద కోటేసుకుని కంచె ఎనక నిలబడేది. ఆటేంటో తెలీదు, ఎవరు గెలిచారో తెలీదు. నేను అలిసిపోయానని ఆవిడకి అనిపించిందా, కిట్టూ అని కేక. నీళ్లు తాగి ఎల్లరా అనేది. కోచ్ నెత్తి కొట్టుకునేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణండీ."

శేషుకుమారి కూడా నవ్వింది. ఆ ఒక్క మాటని అక్కడ ఆపి, పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి ఉంటే ఈ కథ ఇంకో దారి పట్టేది. ఆమె అలా చెయ్యలేదు. బొటనవేలితో మోచేతి లోపలివైపు నొక్కింది. గట్టిగా ఉండాల్సిన చోట ఏదో మెత్తగా తగిలింది.

"నొప్పుందా?"

"లేదండీ." సమాధానం మరీ తొందరగా వచ్చింది.

"స్కాన్ తీయించాలి."

"మ్యాచ్ అయ్యాక," అన్నాడు తలుపు దగ్గర నుంచి కోచ్ బెర్నార్. ఎప్పుడొచ్చాడో తెలియదు. ముక్కుతో ఇంగ్లీషు మాట్లాడే పొడుగాటి మనిషి, వారం రోజులుగా సరిగ్గా నిద్రపోయినట్టు లేడు.

"లోపలివైపు బిగువు తగ్గింది. ఇవాళ ఇతనితో తక్కువ వేయించండి," అంది శేషుకుమారి.

"మా దగ్గర ఇతనొక్కడే ఉన్నాడు మేడమ్. జపాన్ నుంచి ఒక క్లబ్బువాళ్లు ఇతన్ని చూడ్డానికే వచ్చారు. ఇతను మా దేశంలో ఈ ఆటతో బతకలేడు, అక్కడైతే బతకగలడు." తర్వాత రెమీ వైపు తిరిగి వేలు చూపించాడు. "ఇంకొక్కసారి ఆగావంటే మాత్రం అక్కడికక్కడే దించేస్తాను. వాళ్ల ముందే."

కోచ్ వెళ్లిపోయాక రెమీ తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"పిన్నిగారండీ, నాకో సాయం చేస్తారా?"

ఆంటీ అని పిలవని పిల్లలు ఈ దేశంలో ఆమెకి ఇంతవరకూ తగల్లేదు. సొంత అక్కచెల్లెళ్ల పిల్లలు కూడా ఫోన్లో ఆంటీ అనే అంటారు. పిన్నిగారు అన్న ఆ ఒక్క పిలుపుకి ఆమె మొదటి రోజే పడిపోయింది. వాడేం అడిగినా కాదనలేని స్థితిలో ఉంది, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఏంటో చెప్పు."

"ఇవాళ ఆవిడ పిలిచినప్పుడు నా బదులు మీరు పలకండి."

"నేనా?"

"మామ్మ ఇంట్లో మనవలం నలుగురం ఉండేవాళ్లం. ఆవిడ ఎవర్ని పిలిచినా సరే, ముందుగా ఎవరు 'ఆయ్' అంటే పని వాళ్లది. మిగతావాళ్లు ఎళ్లి ఆడుకోవచ్చు. పలికినోళ్లు చూసుకోవాలి, అదీ ఆవిడ లెక్క. మీరు పలికేసారనుకోండి, ఇంక నన్ను పిలవదు."

"ఆ గోడ దగ్గర నేను పలికితే దిబ్బ మీద ఉన్న నీకేం వినపడుతుంది?"

"నాకు వినపడక్కర్లేదండీ," అన్నాడు రెమీ. "ఆవిడకి వినపడితే చాలు."

గదిలో ఏసీ మామూలుగానే తిరుగుతోంది. అయినా శేషుకుమారి మోచేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆటగాళ్ల పిచ్చి నమ్మకాలు ఆమెకి కొత్త కాదు. ఒకడు గెలిచినన్నాళ్లూ మేజోళ్లు ఉతకడు, ఒకడు గీత తొక్కడు, ఒకడు ఎడమకాలి బూటే ముందు తొడుగుతాడు. వాళ్ల నమ్మకం వాళ్లకి ధైర్యమిస్తే మనకొచ్చిన నష్టమేంటి అని ఆమె సిద్ధాంతం. సరే, ఆఖర్లో నిజంగా ఇబ్బందయితే వెళ్లి నిలబడతాలే అంది. రెమీ లేచి వంగి ఆమె కాళ్లకి దణ్ణం పెట్టాడు. అది కూడా మామ్మ నేర్పిందే కాబోలు, చేతులు అడ్డంగా మార్చి కుడిచేత్తో కుడిపాదం, ఎడమచేత్తో ఎడమపాదం తాకాడు.

మాటిచ్చేసింది గానీ మనసు కుదురుగా లేదు. కూతురు అక్షర యూనివర్సిటీ నుంచి వాలంటీరుగా వచ్చి ఈ మ్యాచ్‌లని నెట్‌లో చూపించే కెమెరా నడుపుతోంది. లంచ్ టైములో దాని పక్కన కూలబడి ఆ రెండు బాక్‌లూ చూపించమంది.

అక్షర లాప్‌టాప్ తిప్పింది. రెమీ కాలెత్తాడు, చెయ్యి వెనక్కి వెళ్లింది, ఆగిపోయాడు. రెండోది కూడా అచ్చం అలాగే. శేషుకుమారి కళ్లు తెరమీద పై భాగంలో, పచ్చగోడ మీదే అతుక్కుపోయాయి. గోడ పైన, గోడ పక్కన, గోడ అడుగున గడ్డిలో. ఒక కొంగు అంచు, ఒక కోటు, ఒక నీడ, ఏదైనా కనిపిస్తుందేమోనని.

"మళ్లీ వెయ్యి."

"అమ్మా, దేర్స్ లిటరల్లీ నో వన్ దేర్."

"మైకులో ఏమైనా పడిందా?"

"జస్ట్ ది క్రౌడ్. వాట్ ఆర్ యు ఈవెన్ లుకింగ్ ఫర్?"

"మళ్లీ వెయ్యవే."

అక్షర నిట్టూర్చి మళ్లీ వేసింది. మళ్లీ పచ్చగోడే. ఒక ఫిజియో ఆ వీడియోలో చూడాల్సింది ఏమిటో, అది తెర మధ్యలో ఎంత పెద్దగా కనిపిస్తోందో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది. ఆమె మాత్రం ఎవరూ లేని చోటనే వెతుకుతూ కూర్చుంది. తర్వాత తల్లీకూతుళ్లు చికెన్ రోల్స్ తిన్నారు.

మ్యాచ్ మొదలయ్యేసరికి ఎండ పేల్చేస్తోంది. యూకలిప్టస్ చెట్లలో కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. రెమీ విసిరిన బంతులు చూసి ఆస్ట్రేలియా కుర్రాళ్లు తికమకపడ్డారు. సూటిగా వచ్చినట్టే వచ్చి ఆఖరి క్షణంలో మెలి తిరిగి కిందకి జారిపోయే బంతి ఒకటుంది వాడి దగ్గర, దానికి వాళ్ల బ్యాట్‌లు గాలిని కొట్టాయి. జపాన్ క్లబ్బువాళ్లు ముందుకి వంగి కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు. శేషుకుమారి డగౌట్‌లో కూర్చుని, అంతా ఒట్టి భ్రమేనని తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

పొద్దు వాలింది. ఫ్లడ్‌లైట్లు వెలిగాయి గానీ ఆకాశంలో ఇంకా వెలుతురుంది. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఫ్రాన్స్ ఒకే ఒక్క పరుగు ముందుంది. ఇంకొక్క బ్యాటర్‌ని అవుట్ చేస్తే, అంటే వాడు కొట్టలేని బంతులు మూడు, వీళ్ల మాటల్లో మూడు స్ట్రైకులు పడితే, గెలుపు. ఆఖరిదైన మూడో బేస్ మీద ఆస్ట్రేలియావాడొకడు కాచుకుని ఉన్నాడు. ఇప్పుడు బాక్ పడితే వాడు నడుచుకుంటూ వచ్చి పరుగు పూర్తి చేసేస్తాడు, స్కోరు సమమవుతుంది, కోచ్ రెమీని దించేస్తాడు. దిబ్బ మీద నుంచి రెమీ డగౌట్ వైపు చూశాడు. ఎవరికోసం చూశాడో శేషుకుమారికి అర్థమైంది.

ఐసు తెస్తానని కోచ్‌తో చెప్పి బయటపడింది. కంచె పట్టుకుని, మైదానం చుట్టూ, దాదాపు పరుగులాంటి నడకతో వెళ్లింది. మెళ్లో ఉన్న పాసు చూసి కాపలావాడు తలూపాడు. కంచె అవతలి గడ్డిలోకి అడుగుపెట్టేసరికి ఆట చప్పుడంతా ఎవరో తలుపు వేసినట్టు తగ్గిపోయింది. గోడ నీడలో చల్లగా ఉంది. అంత ఎండ కాసిన రోజున గడ్డి తడిగా పాదాలకి తగిలింది. గోడ అంచు పక్కన నిలబడితే దూరంగా రెమీ వీపు, వీపు మీద పంపన అన్న పేరు కనిపించాయి.

కీచురాళ్లు ఆగిపోయాయి. ఒకటీ అరా కాదు, అన్నీ ఒక్కసారే.

రెమీ కాలెత్తాడు.

"కిట్టూ."

కేక కాదు. వంటింట్లోంచి వరండాలో ఉన్న పిల్లాణ్ణి పిలిచినట్టు, ఏమాత్రం కంగారు లేకుండా, చివర కాస్త సాగదీసి. అది గోడ అవతలి నుంచి రాలేదు. శేషుకుమారి భుజం వెనక నుంచి వచ్చింది. ఆ సాగదీత ఆమెకి తెలుసు, అది కాకినాడా యానాం మధ్య మనుషుల సాగదీత. ఎవరో తరుముతున్నట్టు ఆమె నోటివెంట, ఈ దేశం వచ్చాక ఒక్కసారి కూడా వాడని మాట, దానంతటదే ఊడిపడింది.

"ఆయ్!"

రెమీ ఆగలేదు. చెయ్యి తిరిగింది, బంతి వెళ్లింది. అంపైర్ స్ట్రైక్ అని అరిచాడు, స్టాండ్లలో హోరు లేచింది.

శేషుకుమారి వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. కంచె ఊచ పట్టుకుని నిలబడింది. రెమీ మళ్లీ కాలెత్తాడు. ఈసారి పిలుపు లేదు. స్ట్రైక్. వెనక ఎవరో ఉన్నారని వీపుకి తెలుస్తోంది, కానీ వాళ్లు మాట్లాడ్డం లేదు. పని ఎవరికో అప్పజెప్పేసి ఊరుకున్నట్టు ఉంది. వాడు చెప్పింది నిజమే, పలికితే చాలు. భయంలోనే ఆమెకి చిన్న గర్వం కూడా కలిగింది. ఈ సాయంత్రం ఆ పిల్లాడి బతుకు తనే నిలబెట్టింది కదా అనుకుంది.

రెమీ మూడోసారి కాలెత్తాడు.

పచ్చగోడ ఇప్పుడు ఆమె పక్కనే ఉంది కాబట్టి చూడ్డానికి ఎదురుగా రెమీ ఒక్కడే మిగిలాడు. అందుకని చూసింది. వెనక్కి వెళ్లిన ఆ చెయ్యి చూసింది. మోచెయ్యి భుజం ఎత్తులో ఉండాలి. లేదు. కిందకి జారి ఉంది. అలిసిపోయిన కండరాలు బరువంతా లోపలి లిగమెంట్ మీద, అంటే ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ మీద, పడేసినప్పుడు మోచెయ్యి అలా జారుతుంది. ఆ సంగతి ఆమె రోజూ క్లినిక్‌లో పిల్లలకి బొమ్మ గీసి మరీ చెబుతుంది. ఆ జారిన మోచెయ్యి ఆమె ఇదివరకే చూసింది. ఇవాళే. అక్షర లాప్‌టాప్‌లో రెండుసార్లూ రెమీ ఆగిపోయిన ఆ క్షణంలో, తెర మధ్యలో, సరిగ్గా ఇలాగే.

నేను అలిసిపోయానని ఆవిడకి అనిపించిందా, కిట్టూ అని కేక.

ఆవిడ వాణ్ణి తన దగ్గరకి రమ్మని పిలవలేదు. వాడి ఆట చెడగొట్టడానికీ పిలవలేదు. ఆగరా, నీళ్లు తాగి వెళ్లరా అని పిలిచింది. ఆ ఒక్క పిలుపే రెండుసార్లు ఆ చేతిని కాపాడింది. తను మధ్యలో దూరి ఆయ్ అని ఆ పని నెత్తినేసుకుంది. ఇప్పుడిక ఆవిడ పిలవదు. ఇప్పుడు పిలవాల్సింది తనే.

"కిట్టూ!" అని శేషుకుమారి గుండెలవిసేలా అరిచింది. "కిట్టూ, ఆగరా!"

స్టాండ్ల హోరులో ఆ అరుపు ఆమె చెవులకే సరిగ్గా వినిపించలేదు. బంతి వెళ్లిపోయింది. మెలి తిరిగింది, కిందకి జారింది, బ్యాట్ గాలిని కొట్టింది. ఆ బంతి బ్యాటర్ వెనక కూర్చున్న క్యాచర్ చేతికి తగలకముందే, అంత దూరం నుంచి వినపడే వీలే లేని చిన్న శబ్దం ఒకటి ఆమెకి స్పష్టంగా వినిపించింది. పచ్చికొమ్మ విరిచినట్టు.

ఫ్రాన్స్ గెలిచింది. నీలం చొక్కాలన్నీ డగౌట్‌లోంచి గంతులేస్తూ దిబ్బ మీదకి పరిగెత్తాయి. దగ్గరికి వెళ్లాక ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెమీ మోకాళ్ల మీద ఉన్నాడు. కుడిచెయ్యి ఎవరిదో అయినట్టు ఎడమచేత్తో ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు. కోచ్ బెర్నార్ ఫిజియో కోసం డగౌట్ వైపు తిరిగి అరుస్తున్నాడు. డగౌట్‌లో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

శేషుకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. కంచెకి ఉన్న చిన్న గేటు వైపు ఒక్క ఉదుటున పరుగెత్తబోయింది.

"అమ్మాయ్."

అదే గొంతు. అదే సాగదీత. ఈసారి మరీ దగ్గరగా, మెడ మీద చల్లటి ఊపిరి తగిలేంత దగ్గరగా.

కాకినాడ వదిలి ఎన్నేళ్లయితేనేం, ఆమె కాలు దానంతటదే ఆగిపోయింది. చెట్లలో ఒక్క కీచురాయి కూడా అరవడం లేదు. తడి గడ్డిలో ఆమె పక్కన ఇంకో నీడ లేదు, కానీ గడ్డి మాత్రం ఎవరో నిలబడినట్టు అణిగి ఉంది.

"పలికావుగా," అంది ఆ గొంతు. అందులో కోపం లేదు, అదే ఆమె భరించలేకపోయింది. "మరి చూసుకోలేదేం?"

శేషుకుమారి మెల్లగా వెనక్కి తిరిగింది.